విత్‌కు అర్థం అడిగిన ఎండాకాలం

సుద్దబావి, కేతేపల్లి దగ్గర
1949 ఫిబ్రవరి 20

మక్తల్‌లో ఉన్న మా మామకు,

మంజులత రాస్తున్నది. బాగున్నానని రాస్తే నువ్వు నమ్మవు, బాగా లేనని రాస్తే అత్తమ్మ అన్నం ముట్టదు. కాబట్టి ఆ వాక్యాన్ని ఖాళీగా వదిలేస్తున్నాను. మీకు తోచినట్టు పూరించుకోండి.

అడగాల్సింది ముందే అడుగుతాను. ఇంగ్లీషులో ‘విత్’ అనే మాటకు అర్థం ఏమిటి? ‘తో’ అని నువ్వే మీ బడి వరండాలో నాకు నేర్పావు. అది కాదు. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరింట్లో పెరిగింది, ఇన్నాళ్లూ ఏమేం పనులు చేసి బతికింది, అవన్నీ కావాలి. ఇంగ్లీషు మాటల వంశవృక్షాలు నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరున్నాయి?

ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను. సాయిలన్నను జనవరిలో పట్టుకుపోయి నల్లగొండ జైల్లో పెట్టిన సంగతి నీకు తెలుసు. రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు కర్రలూ వడిసెలలూ పట్టుకుని కాపలా కాసింది అన్నావాళ్ల సంఘమే. యూనియన్ మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు, మేమంతా పండగ చేసుకున్నాం. ఆ సంబరం దిగకముందే, హైదరాబాదు పారిపోయిన దొర అదే మిలిటరీ లారీ వెనక కారులో గడీకి తిరిగి వచ్చాడు.

మొన్న గురువారం ఆడవాళ్లందరినీ చావడి ముందు ఎండలో కూర్చోబెట్టారు. కొత్త ఆఫీసరుది మలబారు దిక్కట. తెలుగు రాదు, ఉర్దూ రాదు. మొహం చూస్తే మంచివాడో చెడ్డవాడో తెలియదు, చెమటకు విసిగిన మనిషి అని మాత్రం తెలుస్తుంది. మా పట్వారికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి ఆయనే మధ్యన నిలబడ్డాడు. ఆఫీసరు అందరినీ ఒకే ప్రశ్న అడిగాడు: ‘‘ఆర్ యూ విత్ దెమ్?’’ సంఘం వాళ్లతో ఉన్నావా అని.

పట్వారి ఆ ఒక్క ప్రశ్ననే మనిషికో తీరుగా వడ్డించాడు. బిక్షమ్మను ‘‘దొంగలకు బువ్వ వెట్టినవా?’’ అన్నాడు. సుక్కమ్మను ‘‘నీ మొగడు తుపాకి యాడ దాసిండు?’’ అన్నాడు. మా వదిన యాదలక్ష్మి దగ్గరికి వచ్చేసరికి మీసం కింద నవ్వుకుంటూ ‘‘వాళ్లెంట తిరిగినవట గదా?’’ అన్నాడు.

వదిన కొంగు నడుముకు దోపుకుని లేచింది. ‘‘తిరిగిన. చెలక సుట్టు తిరిగిన, బాయి సుట్టు తిరిగిన. నువ్వు గడీ సుట్టు తిరిగినవు. అది గూడ సారుకు చెప్పు.’’

పట్వారి ఆఫీసరు వైపు తిరిగి ‘‘నో సర్’’ అన్నాడు.

నాకు ముందు నవ్వొచ్చింది, తరవాత ఒళ్లు మండింది. లేవబోయాను. వెనక నిలబడ్డ బాపు నా భుజం మీద చెయ్యి వేసి అదిమిపెట్టాడు. ఒక చిన్న మాట పట్టుకుని ఊరందరినీ అటో ఇటో నిలబెడుతున్నారు, మామా. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియాలి.

నీ మేనకోడలు,
మంజు


మక్తల్
1949 మార్చి 3

చిరంజీవి మంజులతకు మామ లింగయ్య ఆశీస్సులు.

నువ్వు ఖాళీగా వదిలిన వాక్యాన్ని మీ అత్తమ్మ పూరించింది: ‘పిల్ల చిక్కిపోయింది.’ నేను దిద్దలేదు.

నీ ప్రశ్న చదివి చాలా రోజులకు సంతోషపడ్డాను. మా బడిపిల్లలకు ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు, తరగతిలో ఉర్దూ. ఇన్నిటి మధ్య నా గంట వచ్చేసరికి ఇంగ్లీషుకు జాగా ఉండదు. ఒక విభక్తి మాట పుట్టుక గురించి అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు.

విను. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘విత్’ అంటే ‘తో’ కాదు. ఎదురుగా, మీదికి, వ్యతిరేకంగా అని అర్థం. కలిసి ఉండడానికి వాళ్లకు వేరే మాట ఉండేది, ‘మిడ్’. జర్మన్లు నేటికీ ‘మిట్’ అంటారు. మరి ఎదిరించే మాట కలిసి ఉండే మాట ఎట్లా అయింది? పండితులు తలా ఒకటి చెబుతారు. నాకు నచ్చింది ఇది: కొట్లాడుకునే ఇద్దరూ ఒక్కచోట నిలబడక తప్పదు కదా! ఎదురుగా ఉన్నది దగ్గరగా ఉన్నదైంది, దగ్గరగా ఉన్నది తోడుగా ఉన్నదైంది. మెల్లమెల్లగా ‘విత్’ వచ్చి ‘మిడ్’ ఇంట్లో కూర్చుంది. పాపం ‘మిడ్’ ఊరు విడిచిపోయింది. మంత్రసానిని ఇంగ్లీషులో ‘మిడ్‌వైఫ్’ అంటారు చూడు, అందులో మాత్రం దాక్కుని ఉంది. కనే ఆడమనిషి పక్కన ఉండేది అని.

పాత కోపం కూడా పూర్తిగా పోలేదు. ఎదురు నిలవడం ‘విత్‌స్టాండ్’. ఇవ్వకుండా బిగబట్టుకోవడం ‘విత్‌హోల్డ్’.

ఇక వాడుక. తోడు ఒకటి, పనిముట్టు ఒకటి, తీరు ఒకటి. అన్నతో వెళ్లాను, కొడవలితో కోశాను, కోపంతో అన్నాను. మన ‘తో’ కూడా ఈ మూడు పనులూ చేస్తుంది కాబట్టి నీకు కష్టం లేదు.

ఇంతకూ ఇది పరీక్షలో రాదు. హైదరాబాదు కాలేజీ మధ్యలో విడిచి ఊరికి వచ్చావు, నీ పరీక్ష ఎప్పుడో రాయలేదు. కాలేజీలో ఉర్దూ తీసేసి చదువంతా ఇంగ్లీషులోకి మారుస్తారని వింటున్నాం. అట్లా అయితే నీ పంట పండినట్టే. ఎండలో తిరగకు. చావడి దగ్గరికి అసలే పోకు.

ఇట్లు,
లింగయ్య


సుద్దబావి
1949 మార్చి 14

మామా,

నీ కవరు నాకంటే ముందు ఇంకెవరో విప్పారు. మళ్లీ అంటించేటప్పుడు గోందు ఎక్కువైంది, నీ ఆశీస్సులు సగం దానికే అంటుకుపోయాయి. విప్పిన పెద్దమనిషికి ఇక్కడినుంచే ఒక మాట: అయ్యా, మా మామ పాఠం మీకు ఉచితంగా దొరికింది, శ్రద్ధగా చదువుకోండి. ఈ ఉత్తరం కూడా మీరే ముందు చదువుతారు కాబట్టి చేతిరాత కొంచెం పెద్దగా రాస్తున్నాను.

నీ పాఠం వదినకు చెప్పాను. ఇద్దరం ఆముదాలు కొడుతూ కూర్చున్నాం. అంతా విని, ‘‘గంతేనా? గిది కనుక్కోనీకి వెయ్యేండ్లు కావాల్నా?’’ అంది. ‘‘మీ అన్నతోనే కాపురం, మీ అన్నతోనే కొట్లాట. నాకు రెంటికీ ఒక్క మాటనే సరిపోయింది. పక్క చెలక సోమన్నతోని గట్టు దగ్గర లొల్లి, ఆయనతోనే మోట కొట్టుడు. గీ ఇంగిలీసోల్లు రెండు మాటలు పెట్టుకొని ఒకటి పారేసుకున్నరా?’’

పండితుల సంగతి మా వాకిట్లో ఇట్లా తేలిపోయింది.

తరవాత తనకూ నేర్పమంది. నేర్పాను. గంటలో మూడు వాక్యాలు చేసింది. ‘‘ఐ ఈట్ విత్ తొక్కు. ఐ ఈట్ విత్ చెయ్యి. ఐ ఈట్ విత్ మామ.’’ మామ అంటే మా బాపు. ‘‘మరి గీంట్ల నమిలేదేది, పక్కకు కూసునేదేది? మామ ఇన్నడంటే తువ్వాల ఏసుకొని ఉరుకుతడు’’ అని పడీపడీ నవ్వింది. అన్నను పట్టుకుపోయినప్పటి నుంచి ఆమె నవ్వు వినడం అదే మొదలు.

బాపు విన్నాడు. నవ్వలేదు. ఆయన నవ్వకపోవడానికి వేరే కారణం ఉంది.

ఎర్రచెలక నీకు గుర్తుందా? దొర గడీకి వెట్టి చెయ్యనన్నందుకు మా తాత దగ్గర గుంజుకున్న మెట్ట చెలక. సంఘం వచ్చాక అన్నా వదినా దాంట్లో నాగలి పెట్టారు. రెండేళ్ల నుంచి జొన్న, కంది, ఆముదం తీస్తున్నాం. ఇట్లాంటి భూముల్లో ఎవరు సాగు చేస్తున్నారో చూడడానికి ఆఫీసరు ఎండాకాలంలో మళ్లీ వస్తాడట. ఈలోగా పట్వారి ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఎర్రచెలక ఎన్నడూ దొరదేనని బాపు బొటనవేలు వేస్తే, సాయిలన్న మంచివాడని సారుకు చెప్పి విడిపిస్తాడట.

బాపు ఆ కాగితాన్ని దూలం సందులో పెట్టి దాని వైపే చూస్తున్నాడు. కొడుకు మీది ప్రాణం. వదిన అంది: ‘‘మామా, రేపు ఆయన జైలు ఇడిసి ఇంటికొస్తడు. చెలకేది అంటడు. నీ బొటనేలు చూపిస్తవా?’’

పట్వారికి ఇంకో బలం ఉంది. ఎవరేం చెప్పినా ఆఫీసరు చెవికి చేరేది ఆయన నోటి నుంచే. వదిన, బిక్షమ్మ, సుక్కమ్మ ముగ్గురూ వచ్చి నన్ను అడిగారు. ‘‘నీ సదువు గదా, మా మాట నువ్వు చెప్పు’’ అన్నారు. మా ఊళ్లో ఆయన కాక ఇంగ్లీషు వచ్చిన నోరు ఇదొక్కటే. బాపు వద్దంటున్నాడు. నేను చెబుతాననే అనుకుంటున్నాను. నువ్వేమంటావు? ఈసారి పాఠం వద్దు, జవాబు కావాలి.

మంజు


మక్తల్
1949 మార్చి 26

మంజూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను. నా ఉత్తరాలు విప్పుతున్నారని తెలిసీ ఆ విప్పేవాళ్లతో వేళాకోళమా? నేను సర్కారు బళ్లో పనిచేస్తున్నాను, బిడ్డా.

నువ్వు సంఘంలో చేరావా? సూటిగా అడుగుతున్నాను. ‘సంఘం వచ్చాక నాగలి పెట్టారు’ అని పండగ కబురు చెప్పినట్టు రాశావు. ఆడవాళ్లు వచ్చి నిన్ను ముందు నిలబడమన్నారంటే, వాళ్ల వెనక ఎవరున్నారో ఆలోచించావా? ఆఫీసరు నిన్ను ఆ ప్రశ్న అడిగితే ఏం చెబుతావు? ‘నో సర్’ అను. రెండు మాటలు. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతటిలో ఈనాడు పనికొచ్చేవి అవే.

‘వితౌట్’ గురించి చెబుదామని మొదట అనుకున్నాను. అది మరోసారి. నిన్ను మక్తల్ పంపమని మీ బాపుకు విడిగా రాశాను. వర్షాలు పడేదాకా ఇక్కడుండు. కాలేజీ తెరిచాక నేనే హైదరాబాదులో దింపుతాను. అమ్మ లేని పిల్లవు, నీకేమైనా అయితే మా అక్కకు నేనేం చెప్పుకోవాలి?

మీ అత్తమ్మ కొత్త చాప కొనిపెట్టింది.

లింగయ్య


సుద్దబావి
1949 ఏప్రిల్ 10

మామా,

నీ పాఠాలన్నీ నాకూ, నీ సలహాలన్నీ బాపుకూ అన్నమాట.

నేను అన్నను చూడడానికి నల్లగొండ జైలుకు పోయిన రోజు నీ ఉత్తరం బాపుకు చేరింది. ఆయనకు చదువు రాదని నీకు తెలుసు. నేను వచ్చేదాకా ఆగలేక తీసుకుపోయి పట్వారితో చదివించుకున్నాడు, ఆ ఉత్తరాన్ని పట్వారి తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇంటికి వచ్చి మంచం మీద కూలబడి ఏమన్నాడో తెలుసా? ‘‘లింగయ్య గూడ గదే రాసిండు. ఎర్రచెలక ఇడిసిపెట్టి కొడుకును తెచ్చుకొమ్మన్నడు. సదువుకున్నోడు, ఊకె రాస్తడా?’’

నువ్వే, మామా! పదేళ్ల పిల్లకు ‘తప్పు వాక్యం రాస్తే దిద్దుకో, తప్పు మాట మీద నిలబడకు’ అని నేర్పినవాడివి. నీకు భయమైతే భయమని నాతో అనొచ్చు. నా వెనక నుంచి వచ్చి బాపు బొటనవేలు పట్టుకుని గుంజడం దేనికి? ఆదివారం బొటనవేలు వేస్తానని పట్వారికి కబురు కూడా చేశాడు. వదిన బతిమాలుకుంటే ఇంకో పదిరోజులు ఆగుతానన్నాడు.

అన్నను చూశాను. ఎముకలు తేలాడు. ఆ కాగితం సంగతి చెబితే ఇనుప జాలీ అవతల నుంచి ఒకటే మాట అన్నాడు. ‘‘నన్నమ్మి చెలక కొంటరో, చెలకనమ్మి నన్ను కొంటరో మీ ఇష్టం గాదు. ఏదీ అమ్మొద్దు.’’

నేను మక్తల్ రాను. చాప మడిచిపెట్టమను. సంఘంలో చేరానా అని అడిగావు. చేర్చుకోమని నేనూ అడగలేదు, చేరమని వాళ్లూ అడగలేదు. మా వదిన మాట మా వదిన మాటగా ఇంకొకరికి చేరాలి. దానికి ఏ పేరు పెట్టుకుంటావో పెట్టుకో.

మంజులత


మక్తల్
1949 ఏప్రిల్ 18

మంజూ,

ఈ ఉత్తరం బాపు పక్కన కూర్చుని ఆయనకు వినబడేట్టు చదువు. మా బడి పిల్లవాడి తండ్రి సూర్యాపేట పోతుంటే ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. టపాలో వెయ్యలేదు.

బావా, నేను నీకు రాసింది నాలుగు ముక్కలు. పిల్లను మక్తల్ పంపు, ఎండలు ముదరకముందే పంపు, బస్సు ఎక్కించేటప్పుడు తెలిసినవాళ్లను తోడివ్వు, నీ ఆరోగ్యం చూసుకో. అంతే. ఎర్రచెలక అనే మాట నా ఉత్తరంలో లేదు. కాగితం మాట లేదు. సాయిలు పేరు కూడా భయపడి రాయలేదు. పట్వారి నీకు వినిపించింది నా ఉత్తరం కాదు.

ఇది నా మాటే అని నీకు ఎట్లా నమ్మకం కలగాలి? ఆత్మకూరు రేవులో ఏరు దాటుతూ మనమెక్కిన పుట్టి తిరగబడ్డ రోజు నన్ను జుట్టు పట్టి గట్టుకు లాగావు. ఒడ్డున పడి నేను ఏడ్చాను. ఈత రాదని మా అక్కకు చెప్పొద్దన్నాను. ఆమె ఉన్నన్నాళ్లూ నువ్వు చెప్పలేదు. పట్వారికి ఈ సంగతి తెలియదు.

మంజూ, నేను భయస్థుణ్ణే. అందులో నీ అంచనా తప్పు కాదు. కానీ నా నోట్లో లేని మాటను నా పేరు మీద ఇంకొకడు పలకడం నా బతుకులో ఇదే మొదలు. రెండు రోజులుగా బళ్లో పాఠం చెప్పలేకపోతున్నాను. అప్పుడు చావడి ముందు మీ వదిన మాట ‘నో సర్’ అయిపోయిందని నువ్వు రాస్తే, చిన్న సంగతి అనుకుని దాటేసి ‘మిడ్’ గురించి నాలుగు వాక్యాలు రాశాను.

అయినా నువ్వు ఆఫీసరు ముందుకు పోవద్దనే అంటాను. వీలు చూసుకుని నేనే వచ్చి నిన్ను ఇక్కడికి తీసుకొస్తాను.

మామ


సుద్దబావి
1949 మే 19

మామా,

నీ మీద అరిచినందుకు క్షమించమని అడగను. అరవకపోతే నువ్వు ఆ ఉత్తరం రాసేవాడివి కావు.

పుట్టి సంగతి చదవగానే బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ‘‘వీడు గా దినం శానా నీళ్లు మింగిండు’’ అని నవ్వాడు. తరవాత దూలం సందులోంచి కాగితం తీసి, తానే పోయి పట్వారి చేతిలో పెట్టాడు. ‘‘నా ఏలు నొస్తున్నది. మా కోడలు ఏలు అడుగుపో’’ అన్నాడట. వదిన వేలు అడిగే ధైర్యం పట్వారికి లేదు.

ఇక చెలక సంగతి. ఎరువు కోసం ఎండాకాలం చెలకల్లో గొర్ల మంద పెట్టించడం నీకు తెలుసు. మీ దిక్కు ఎట్లాగో గానీ ఇక్కడ పద్ధతి ఇది. మంద ఎవరి చెలకలో పడుకుంటే ఆ ఇంటి ఆడమనిషి పొద్దుగూకే వేళకు బువ్వ వండి, గంప తానే నెత్తికెత్తుకుని కాపరికి తీసుకుపోవాలి. ఆ ఇంటి బువ్వ తిన్నాకే ఆ చెలక ఆ ఇంటిదని మంద నిలుస్తుంది.

ఆఫీసరు సోమవారం వస్తున్నాడని తెలిసి గడీ గుమాస్తా ఆదివారమే గొర్ల కాపరి బీరప్పను పిలిచి, మందను ఎర్రచెలకలో పెట్టు, దొర పెట్టించిన మందని చెప్పు అన్నాడు. ఒక జొన్నల బస్తా బండిలో వేసి పంపాడు. దొర ఏళ్ల తరబడి పట్నంలో ఉన్నాడు, గుమాస్తా పట్నంలోనే పుట్టాడు. బువ్వ మాట ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. గింజలు ఇస్తే అయిపోయింది అనుకున్నారు.

నేను వదిన వెంట పోయేసరికి పొద్దు గుట్ట మీద ఉంది. బీరప్ప భార్య గోపమ్మ ఆ బస్తా మీదే కూర్చుని గడీ దిక్కు చూస్తోంది.

‘‘దొరసాని గంప ఎత్తుకొని వస్తదని సూస్తున్ననే యాదలక్ష్మీ! గంప కిందికి సుట్టబట్ట దొరకలేదో ఏమో, ఇంక వస్తలేదు. పచ్చి జొన్నలు నమలనీకి మేం గొర్లమా?’’

వదిన గంప దించింది. జొన్న గటక, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. బీరప్ప అటూ ఇటూ చూశాడు.

‘‘అక్కా, గిది తింటే గడీతోని పంచాయితి.’’

‘‘తినకుంటే నాతోని పంచాయితి. ఏది అల్కగ తేలుతదో సూస్కో.’’

బీరప్ప చేతులు కడుక్కున్నాడు.

పొద్దున్నే జీపు వచ్చింది. పట్వారి గొడుగు పట్టాడు. ఈ మంద ఇక్కడెవరు పెట్టించారని ఆఫీసరు అడిగాడు. బీరప్ప కర్ర మీద గడ్డం ఆనించి చెప్పాడు: ‘‘మంద నాది సారు. చెలక యాదలక్ష్మక్కది. నిన్న మాపటికి బువ్వ ఆమెనే తెచ్చింది.’’ పట్వారి దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు: దొరగారు తమ భూమికి ఎరువు కోసం ఈ గొర్రెలను పెట్టించారు.

బాపు నా పక్కనే ఉన్నాడు. ఆయన చెయ్యి నా భుజం మీదికి వస్తుందేమోనని చూశాను. రాలేదు.

‘‘ఆయన అన్నది అది కాదు సర్’’ అని ఇంగ్లీషులో అన్నాను. బీరప్ప మాట ఉన్నదున్నట్టు చెప్పాను. బువ్వ పద్ధతి చెప్పాను. పట్వారి ‘‘పిల్లముండవు, నడుమల నీకేం పని?’’ అన్నాడు. అది కూడా ఇంగ్లీషులోకి మార్చి వినిపించాను. ఆఫీసరు పట్వారిని గొడుగుతో సహా పక్కకు పొమ్మన్నాడు.

‘‘భోజనానికీ భూమికీ ఏమిటి సంబంధం?’’ అని అడిగాడు. వదిన నా చెవిలో కాదు, ఆయన మొహం మీదే అంది: ‘‘మీ ఊర్లె ఎవరి చేన్ల పనిచేసినోల్లకు వాల్లింట్ల బువ్వ పెడతరా, ఊరోల్లింట్ల పెడతరా అడుగు.’’ అడిగాను. ఆయన గుమాస్తా వైపు తిరిగి మీరు పెట్టారా అన్నాడు. గుమాస్తా గర్వంగా బస్తా చూపించాడు. గోపమ్మ ఆ బస్తాను ఈడ్చుకొచ్చి జీపు ముందు పడేసింది. మూతి కుట్టు కుట్టినట్టే ఉంది. పక్కన వదిన గటక కుండ బోర్లించింది. గీకి గీకి తిన్న కుండ.

అప్పుడు అడిగాడు, మామా. నన్ను. ‘‘ఆర్ యూ విత్ దెమ్?’’

నువ్వు రాసిన వెయ్యేళ్ల చరిత్రలో ఒక్క ముక్క గుర్తురాలేదు. తోడు, పనిముట్టు, తీరు, ఏదీ రాలేదు. నువ్వు చెప్పిన ‘నో సర్’ మాత్రం వచ్చి నాలుక మీద నిలబడింది. దాన్ని మింగేసి ‘‘ఎస్ సర్’’ అన్నాను. ఆ మాట అర్థం నీకు తెలుసా అన్నాడు. చిన్నప్పుడే మంచి మాస్టరు దగ్గర నేర్చుకున్నానన్నాను. నీ పేరు చెప్పలేదు, భయపడకు. మక్తల్ అని మాత్రం అన్నాను.

నా పేరు రాసుకున్నాడు. వారం వారం కేతేపల్లి ఠాణాకు వచ్చి కనబడాలట. కాలేజీకీ రాస్తారట, రాసుకోనీ. ఎర్రచెలకను ఈ ఏడు కూడా పోయినేడు దున్నినవాళ్లే దున్నాలి, ఖాయం సంగతి నల్లగొండ విచారణలో తేలుస్తామని అక్కడికక్కడే చెప్పాడు. గెలిచామని రాయను. పట్వారి పోతూ పోతూ, ఇక సాయిలు జైల్లోనే ముసలోడవుతాడని అన్నాడు. వదిన ఆ రోజు అన్నం తినలేదు. తెల్లారి నాగలి చెక్క సరిచేయించుకోవడానికి వడ్రంగి ఇంటికి పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. జూన్‌లో నల్లగొండలో మా ఒక్క చెలకే కాదు, చుట్టుపక్కల గూడేల భూములన్నిటి విచారణ ఉంది. ఆడవాళ్లు మా వాకిట్లో బారులు తీరి కూర్చుంటున్నారు. వాళ్లందరి మాటా చెప్పడానికి ఒక్క నోరు చాలదు. నన్ను ఠాణాలో కూర్చోబెట్టారంటే ఆ ఒక్కటీ ఉండదు. నన్ను తీసుకుపోవడానికి వస్తానన్నావు. రా. కానీ నేను రావడానికి కాదు, నువ్వు ఉండడానికి. రాలేనంటే పాఠం రాయకు, రాలేనని ఒక్క కార్డు ముక్క రాయి.

మంజు


మక్తల్
1949 మే 28

మంజూ,

మంగళవారం బయలుదేరుతున్నాను. హైదరాబాదు మీదుగా వచ్చి, సూర్యాపేట బస్సులో కేతేపల్లి దగ్గర దిగుతాను. మీ అత్తమ్మకు అబద్ధం చెబుదామనుకుని మొదలుపెట్టాను. సగంలోనే పట్టుకుంది. తిట్టింది, ఏడ్చింది, తరవాత లేచి సకినాలకు పిండి కలిపింది. నాకు కాదట, వారం వారం ఠాణాకు పోయే పిల్లకట.

నువ్వు ‘ఎస్ సర్’ అన్నావని చదివినప్పుడు నాకు భయం పట్టుకుంది. ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. అక్కడికి వచ్చాక నా గొంతు లేవకపోతే నన్ను వెనక నుంచి పొడవమని మీ వదినకు చెప్పు. మొదటిరోజు ఎవరెవరు ఏమేం చెప్పదలచుకున్నారో నాకు వినిపించండి. వాళ్లన్న మాటకు ఒక్కటి కలపను, ఒక్కటి తగ్గించను.

నెల రోజుల సెలవు అడిగితే హెడ్మాస్టరు సాబ్ కారణం అడిగాడు. భూముల విచారణ అన్నాను. ‘‘నీకు భూమి లేదు గదా, ఎవరి కోసం?’’ అన్నాడు. మావాళ్ల కోసం అన్నాను. మావాళ్లంటే ఎవరన్నాడు. మా బావ బుచ్చయ్య, యాదలక్ష్మి, సాయిలు, మంజులత, బీరప్ప, గోపమ్మ, బిక్షమ్మ, సుక్కమ్మ, సోమన్న అని వరసగా రాయించాను. పేర్లు రాస్తూ రాస్తూ ఆయన కలం ఆపి, ‘‘మాస్టరుగారూ, సెలవు చీటీలో ఇంతమంది పట్టరు’’ అన్నాడు.

చీటీ తిప్పి, వెనకవైపు ఖాళీగానే ఉందని చూపించాను.

మీ
లింగయ్య మామ